తెర మీద పేర్లు

మంగళవారం, రాత్రి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. పొద్దున్న ఉప్పాడ బోట్లు వచ్చిన వేళకే చేపలు కొనే మా కంపెనీ సర్వర్ మొరాయించింది. తూకం చీటీలు రాక, చేపలు తెచ్చిన ఆడవాళ్ళంతా ఎండలో ఆగిపోయారు. బుట్టల్లో ఐసు నీరైపోతోంది. మేనేజర్ గారిది ఎప్పటి మాటే: "మీ చీటీల ప్రోగ్రామ్‌తోనేనండి ఈ తంటా అంతా!"

గోడకున్న పెద్ద స్క్రీన్ మీదే, సర్వర్‌లో నడిచే పనులన్నీ చూపించే పీఎస్ కమాండ్ కొట్టాను. అక్కర్లేని కాలమ్‌లు తీసేసి, ఏ పని, ఎవరిది, సర్వర్‌ని ఎంత తింటోంది, ఇవే ఉంచాను. ఎక్కువ తినేది పైకొచ్చేలా పెట్టాను. అన్నిటికన్నా పైన మేనేజర్ గారి పేరే ఉంది! నిన్న మొదలుపెట్టి మరిచిపోయిన రిపోర్టు. దాన్ని ఆపగానే చీటీలు గబగబా వచ్చాయి. స్క్రీన్‌ని అలాగే వదిలేశాను.

సాయంత్రం ఆయన నన్ను పిలిచారు. "మనుషుల పేర్లెందుకండీ అందులో? రేపటికి తీసేయండి."

"నా పేరు కూడా ఉందండి అందులో," అన్నాను.

ఈ ఉద్యోగం పోతే ఈ చుట్టుపక్కల ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో...

ఇప్పుడే ఇంటి నుంచి లాగిన్ అయ్యాను. పేర్లు తీయలేదు. ఎవరి పని ఎప్పుడు మొదలైందో చూపించే కాలమ్ కూడా పక్కనే చేర్చాను.