రెండు చీరెలు తక్కువైన బొంత

సిరిసిల్ల,
ఆదివారం పొద్దున

పద్మక్కకు,

నీ చెల్లె లలిత దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది ఇద్దరం మంచిగనే ఉన్నం. అక్కడ నువ్వు, బావ, మీ అత్తమ్మ, కొడుకు, కోడలు అందరు మంచిగ ఉన్నరని అనుకుంటున్న. బావ మోకాలు నొప్పి ఎట్లున్నది? నూనె రాసుడు ఆపొద్దని చెప్పు. రెండు రోజులు రాసుకొని మూడో రోజు సీస తలాపున పెట్టి మర్చిపోయే మనిషి ఆయన.

ఫోన్ ఉండంగ ఉత్తరం ఎందుకని నువ్వు అంటవ్. నీ ఫోన్ ఎప్పుడు స్పీకర్ల ఉంటది. నేను ఒక మాట అంటే ఇంట్ల నలుగురు వింటరు, నువ్వు ఆ నలుగురికి సరిపోయే జవాబు చెప్తవ్. అందుకే కాగితం మీద పెడుతున్న. నువ్వొక్కదానివే కూసోని చదువు.

మేము కోరుట్ల ఇడిసి ఐదు నెలలు నిండినయ్. దుకాణం బందు పెట్టిన కాడినుంచి మీ మరిదికి మాట తగ్గింది గని, పనికైతే టైముకు పోతున్నడు, టైముకు వస్తున్నడు. ఇన్నేండ్లు తన పేరు బోర్డు మీద రాసుకొని కుట్టిన టైలరు, ఇప్పుడు కుట్టుమిషన్ల షెడ్డుల కూసోని బడిపిల్లల అంగీలకు కాలర్లు కుడుతున్నడు. పొద్దుందాక కాలర్లే. "ఒక్క పూర అంగి కుట్టనియ్యరా?" అని అడిగిన. "ఇక్కడ పూర అంగి ఎవ్వడు కుట్టడే, ఎవ్వని ముక్క వానిది" అన్నడు. అన్నం తింటున్నడు, పండుకుంటున్నడు. రంది పెట్టుకోకు.

ఇల్లు తంగళ్ళపల్లి పోయే దిక్కు. పై అంతస్తుల రెండర్రలు. కింద ఇంటాయన బట్టనేసే సాంచెలు నడుస్తయ్, కరెంటు ఉన్నంతసేపు వాటి చప్పుడు ఆగది. మొదటి నెల మేమిద్దరం సైగలు చేసుకొని మాట్లాడుకున్నం. ఇప్పుడు చప్పుడు అలవాటైంది, మాట్లాడుకునుడే తగ్గింది. బోరు నీళ్లల్ల పప్పు తొందరగ ఉడుకది, రెండు విజిళ్లు ఎక్కువ పెడుతున్న. చలి మొదలైంది. మీ దిక్కు ఇంక ఎక్కువనే ఉంటది.

కోరుట్ల నుంచి ఇక్కడికి బస్సు ఉన్నది. పొద్దున ఎక్కితే అన్నం యాల్లకు వస్తరు. ఐదు నెలలల్ల ఎవ్వలు రాలే. నేను అడుగుతలేను, రాస్తున్న అంతే.

సామాను లారీల ఎక్కించే రోజు బావ అన్న మాట యాదికున్నదా? "లలితా, గీ పీలికల పెట్టె గూడనా? చెత్తబండికి ఎయ్యకపోయినవ్" అన్నడు. అందరు నవ్విండ్రు, నువ్వు గూడ నవ్వినవ్. ఆ పెట్టెల ఉన్నయి నేను మొదలుపెట్టి ఆపిన బొంతలు. తొమ్మిది. అమ్మ ఊకె అనేది, "లలిత బొంత, సగం తవ్విన బాయి రెండు ఒకటే. చూసెటోళ్లకు గుంత, దిగితే నీళ్లు లేవు" అని. నిజమే గదా, నేను ఒప్పుకుంట.

వచ్చిన వారానికే పెట్టె తెరిచి అన్నిటిని బయటికి తీసిన. మీ మరిది పాత కొలతల బుక్కు ఒకటి ఖాళీగ ఉంటే, ఒక్కో బొంతకు ఒక్కో పేజి పెట్టిన. ఎవ్వల కోసం, ఎవ్వల బట్టలు, ఎన్ని వరుసలు కుట్టిన, ఎన్ని మిగిలినయ్. చివరికి, ఎందుకు ఆగింది. ఈ ఆఖరి దాని దగ్గర పెన్ను చాన సేపు ఆగింది అక్కా. తొమ్మిదిట్ల ఏడింటికి ఒకటే జవాబు రాసిన: ఎవ్వలో పిలిచిండ్రు, లేచి పోయిన. ఒకరి పెండ్లికి పిండివంటలకు, ఒకరి పురుటికి, ఒకరి దవాఖానకు. "లలిత ఇంట్లనే ఉంటది గదా" అనేటోళ్లు అందరు. సూది గుచ్చి పెట్టి పోయేదాన్ని. వచ్చేసరికి ఆ సూది తుప్పు పట్టేది.

అందుకే ఒట్టు పెట్టుకున్న. పాతయి ముగిసే దాక కొత్త బొంత మొదలుపెట్టొద్దు. పెట్టెల నుంచి ఒకటే బయటికి రావాలె. రోజుకు ఆరు వరుసలు, జరమొచ్చినా సరే. ఎలుకలు కొట్టింది ఒకటి, మేనత్త కోసం మొదలుపెడితే ఆమె పోయినంక మిగిలింది ఒకటి, ఈ రెండింటిని విప్పి తుడుపుగుడ్డలు చేసిన. అన్ని కుట్టి తీరాలెనంటే ఏదీ ముగియదని ఈ వయసుల అర్థమైంది. మిగిలిన ఏడింట్ల ఆరు ముగించిన.

ఆ ఆరింట్ల ఒకటి చిన్నమ్మ బిడ్డది. ఆమెనే చీరెలిచ్చి కుట్టుమన్నది, మర్చిపోయిందంట. బస్సుల పంపిన. అందిందని ఫోన్ చెయ్యలే. వారమైనంక ఆమె వాట్సాప్ స్టేటస్ల కొడుకు కొత్త బండి ఫొటో పెట్టింది. ఎండకు బండి మీద కప్పింది నా బొంతనే. అరవై నాలుగు వరుసలు. బండికి ఎండ తగలొద్దు గదా మరి.

ఇంట్ల బొంత పరువ జాగ లేదు. పొద్దుగాల మిద్దె మీదికి పోయి, నాలుగు మూలలకు నాలుగు ఇటుకలు పెట్టి కుడుత. కింద సాంచెల కాడ దారం కండెలు చుట్టే రాజవ్వ పని మొదలుపెట్టే ముందు పైకి వస్తది. నాకు ఇక్కడ మాట కలిసింది ఆమె ఒక్కతే. మొదటిరోజే, "ఏందక్కా, ఊరంత కొత్త బట్ట నేస్తాంటే నువ్వు పాత బట్టకు కుట్లేస్తున్నవ్?" అన్నది.

"పాతది గూడ ఎవ్వలన్న చూసుకోవాలె గదా రాజవ్వా" అన్న.

"గట్లయితే మా ఆయన్ని తీసుకొస్త. నాలుగు దిక్కుల కుట్లెయ్యి, ఎటు పోకుండ ఉంటడు" అన్నది.

ఇగ అసలు మాటకు వస్త. ఆఖరికి మిగిలింది అమ్మ బొంత.

అమ్మ పోయినప్పుడు ఆరు నూలు చీరెలు మిగిలినయ్. నువ్వు నాలుగు తీసుకున్నవ్, నాకు రెండు ఇచ్చినవ్. పద్నాలుగు నెలలు మంచంల ఉన్న అమ్మను నువ్వు చూసినవ్ కాబట్టి అది న్యాయమే. అప్పుడు అన్న, ఇప్పుడు గూడ అంటున్న. తర్వాత నేనే అడిగిన, "నీ నాలుగిట్ల రెండియ్యి అక్కా, నా రెండు కలిపి ఒక్క బొంత చేస్త. ఒక చలికాలం నీ ఇంట్ల, ఒక చలికాలం నా ఇంట్ల" అని. నువ్వు సరే అన్నవ్. కొడుకుతోని పేపర్ల చుట్టి పంపినవ్. నా చీరె కింద ఒకటి, పైన ఒకటి పరిచి, నీవి రెండు మడతపెట్టి నడుమ పెట్టిన. నా చీరెల మూలలు చూసి పెట్టిన. నీవి చూడలే. నువ్వు పంపినవ్ గదా అనుకున్న.

అమ్మ కొంగు నీకు తెల్వనిది కాదు. వక్కలు, బస్సుకు చిల్లర, తాళంచెవి, అన్ని ఆ ఒక్క మూలకే ముడేసేది. ముడేసి ముడేసి మూల చినిగితే, మల్ల దానిమీద దారంతోని అల్లేది. ఏ చీరె అయినా ఆ మూల తోలు లెక్క మందమైతది. నా రెండు చీరెల కాడ సూది దిగకపోతే గంటె కాడతోని నొక్కిన.

మొన్న మంగళవారం నలభై ఒకటో వరుస మీద నువ్వు పంపిన చీరెల కొంగు మూల రావాలె. సూది ఇరుక్కుంటదని తయారుగ ఉన్న. ఇరుక్కోలే. నీళ్లల్ల పోయినట్టు పోయింది. ఇంకోసారి గుచ్చిన, మల్ల గట్లనే పోయింది. పన్నెండు కుట్లు విప్పి చెయ్యి లోపల పెట్టి మూల బయటికి లాగిన. నున్నగ ఉన్నది. ముడి మరక లేదు, అల్లిన దారం లేదు. రెండో చీరె గూడ అంతే. భుజం కాడ పిన్ను పెట్టిన తూట్లు మాత్రం ఉన్నయ్. "పిన్ను పెడితె అది కట్టుకున్నది కాదు, తగిలించుకున్నది" అనే అమ్మ చీరెకు పిన్ను తూట్లు ఎట్ల వస్తయ్ అక్కా?

రాజవ్వ ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించింది. "నూలైతే బూడిదైతది. ఇది చూడు, ముద్దగట్టింది. ఇది మా ఊరి సాంచెల మీది పాలిస్టరు సరుకే" అన్నది.

అదే రోజు నీకు ఫోన్ చేసి అడిగిన, "అక్కా, నువ్వు పంపినయి అమ్మయేనా?" అని. "అమ్మయి కాకపోతే ఎవ్వలయి? నీకు చిన్నప్పటినుంచి అనుమానమే. ఊరిడిసి పోయినంక ఇంక ఎక్కువైంది" అన్నవ్. వెనుక ఎవ్వలో నవ్విండ్రు. నేను పెట్టేసిన.

తర్వాత మౌనికకు చేసిన. నీ కోడలిని ఏమనకు, ఆమెకు తెల్వక చెప్పింది. అమ్మ చీరెల రంగులు యాదికున్నయా అని అడిగితే, "అమ్మమ్మ చీరెలా చిన్నత్తమ్మా? అవి అప్పుడే స్టీలు సామాన్లామెకు ఏసినం గదా. నాలుగు చీరెలు, మామయ్య ప్యాంట్లు రెండు కలిపితె పెద్ద గంజు ఇచ్చింది. అత్తమ్మ బేరం చేస్తే మూత గూడ ఇచ్చింది" అన్నది.

ఆ గంజు నాకు తెలుసు. అమ్మ సంవత్సరీకం నాడు నువ్వు అన్నం దాంట్లనే వండినవ్. "కొత్త గంజు మంచిగున్నది అక్కా" అని నేనే అన్న. నువ్వు ఇంక కొంచెం పెట్టుకోమన్నవ్. పెట్టుకొని తిన్న.

నాకు కోపం చీరెలు పోయినందుకు కాదు. పద్నాలుగు నెలలు నువ్వు ఆ చీరెలను రోజుకు రెండుసార్లు ఉతికినవ్. వాసన పోయే దాక ఉతికినవ్. అవి కంట్ల పడకుంటే చాలు అనుకున్నవేమో. ఆ మాట నాతోని అంటే నేను ఏమనేదాన్ని కాదు. ఆ పద్నాలుగు నెలలు నేను రెండు గల్లిల అవుతల ఉండి, పొద్దున వచ్చి పాలు తాగించి దుకాణానికి అన్నం కట్టాలెనని పోయేదాన్ని. నా తప్పు నాకు తెల్వదని కాదు. గని ఎవ్వలయో రెండు చీరెలు పేపర్ల చుట్టి అమ్మయి అని పంపినవ్ చూడు, నేను వాటిని నలభై వరుసలు అమ్మ అనుకొని కుట్టిన. కుట్టేటప్పుడు రెండుసార్లు ఏడ్చిన గూడ. ఎవ్వల చీరె మీద ఏడ్చిన్నో నువ్వే చెప్పాలె.

"ఉండనియ్యక్కా, లోపల ఎవ్వలు చూస్తరు" అన్నది రాజవ్వ. నేను ఉండనియ్యలే. నలభై ఒక్క వరుసలు విప్పిన, రెండు రోజులు పట్టింది. నీవి ఉతికి, ఆరేసి, మడతపెట్టిన. ఎవ్వలన్న కోరుట్ల వచ్చేటోళ్లుంటే పంపుత. ఎవ్వలయో వాళ్లకు ఇయ్యి.

మధ్యల ఒక మాట, మల్ల మర్చిపోత. చింతకాయ తొక్కు పెట్టినవంటే చిన్న సీసల పంపు. ఇక్కడ కొన్నది మీ మరిదికి నోటికి పోతలేదు. మన గడియారం కాడి దుకాణంల దొరికే పెద్ద సూదులు గూడ ఒక పాకిటు పంపు, ఇక్కడియి వంగుతున్నయ్.

అమ్మవి రెండే మిగిలినయ్. రెండు చీరెల బొంత చలికి ఆగదు. ఈ బొంత ముగించకుండ ఇంకొకటి మొదలుపెట్ట, ఒట్టు పెట్టుకున్న గదా. కాబట్టి చెప్తున్న విను. వచ్చే అమావాస్య దాక ఆగుత. నీ చీరెలు రెండు పంపు. కొత్తయి కాదు, నువ్వు కట్టి కట్టి అరిగినయి. అమ్మను ఎత్తి కూసోబెట్టేటప్పుడు నీ ఒంటి మీద ఎప్పుడు ఒక నీలం చీరె ఉండేది, ఆమె చెయ్యి ఊకె దాన్ని పట్టుకునేది. అది ఉన్నదనుకుంట. రెండిట్ల ఒకటి అదే పంపు. నీ పేరుతోనే పంపు, అమ్మది అనకు. వాటిని నడుమ పెట్టి, అన్న మాట ప్రకారం ఒక చలికాలం నీకు, ఒక చలికాలం నాకు, మొదటిది నీకే.

అమావాస్యకు రాకపోతే రెండింటితోనే నాలుగు దిక్కుల అంచు మూసేస్త. పల్చగ ఉంటది. ఉండనియ్యి. అది ఈ ఇంట్లనే ఉంటది, నేనొక్కదాన్నే కప్పుకుంట.

బావకు, మీ అత్తమ్మకు నా దండాలు. మౌనికకు, నీ కొడుక్కు దీవెనలు. మీ మరిది అందరిని అడిగిన్నని రాయమన్నడు. మేము మంచిగనే ఉన్నం, రంది పెట్టుకోకు. నువ్వు నాకంటే పెద్దదానివి. ఇది చదివి కోపమొస్తది, రానియ్యి. కోపం దిగినంక నన్ను దీవించు.

నీ చెల్లె,
లలిత