పోకచెట్టు మీద రాత

బోటనీ మాస్టారికి, రాజోలు కాలేజీలో మీ దగ్గర చదివిన అమ్మాయి నమస్కారాలు.

మీరు మా ఊరు వచ్చి, ఇది అమ్మవారి రాత కాదని మావాళ్ళకి చెప్పి నన్ను బయటపడెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టానండి. మా అత్తవారి పెరట్లో పోకచెట్టు మానుకి తెల్లటి పొర పట్టి, దాని మీద నల్లటి గీతలు తేలాయి. తేమ నీడలో, నున్నటి బెరడు మీద నాచులా పెరిగే గ్రాఫిస్ అనే లైకెన్ అది, క్లాసులో మీరు చెప్పిందే. అత్తగారు మాత్రం అమ్మవారి రాత అన్నారు. "చదువుకున్నదానివి కదే, ఏం రాసేరో చదువు" అంటే, సరదాకి "వాన పడుతుందట" అన్నాను. పడింది.

అప్పటినుంచి అమ్మవారి రాత చదివేదాన్నని నన్ను గడప దాటనివ్వడం లేదు. పసుపు చీర, ఒంటిపూట భోజనం. మావారు మస్కట్ నుంచి ఫోన్ చేసి అమ్మ చెప్పినట్టు వినమంటున్నారు.

నిన్న వీరవేణి అనే ఆవిడ జ్వరంతో కాలిపోతున్న పాపని తెచ్చింది. "అమ్మవారి పసుపు పెడితే తగ్గిపోద్దాండీ, ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నారా?" అంది. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళమని రాసి ఉన్నట్టు చదివాను. "ఆయ్" అని మలికిపురం ఆసుపత్రికి పరిగెత్తింది. ఇంకాస్త ఆలస్యమైతే పాప దక్కేది కాదన్నారట డాక్టరు.

ఈరోజు పొద్దున్నే గేటు దగ్గర మరికొందరు తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని నిలబడ్డారు.

మీరు రాకండి మాస్టారూ.