అడ్డంగా వేసిన కొమ్మ

బావకి,

నీ గౌరి రాస్తున్నది. ఇక్కడ నేను, పాప హేమ, అత్త క్షేమమే అనుకో. నువ్వూ, నీతో బోటు మీదున్న మనవాళ్లూ ఒంట్లో బాగుండాలని రోజూ సముద్రానికి దండం పెట్టుకుంటున్నాను. నీ ఉత్తరం మన ఊరి గంగులు తెచ్చి ఇచ్చాడు. ఎల్లుండి వాడు మళ్లీ మీ వీరావలు రేవుకి బయల్దేరుతున్నాడు కాబట్టి ఇదీ వాడి చేతికే ఇస్తున్నాను. కవరు అంటించి, అంటు మీద పెన్నుతో అడ్డగీత గీశాను. ఆ గీత కలవకపోతే వాడు విప్పి చదివాడని అర్థం. నాకు వాడి మీద మొదటినుంచీ నమ్మకం లేదు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. పదిహేను రోజులకోసారి నువ్వు ఒడ్డుకొచ్చి ఫోను చేస్తే నీ చుట్టూ పది మంది, నా పక్కన అత్త. ఒక్క గది ఇంట్లో గుట్టు ఎక్కడ దాస్తాం?

హేమ చదువు గురించి అడిగావు. తొమ్మిదో తరగతికి వచ్చింది, లెక్కల్లో పరవాలేదు, నోరు మాత్రం అచ్చం నీ పోలిక. ఇక రెండో ప్రశ్న. "ఆ యుగంధర్ ఎవడు, వాడితో రైళ్లలో నీకేం పని" అని రాశావు. ఎవడు మోశాడో నీకా మాట! సరే, అడిగావు కాబట్టి చెబుతాను. వాడిది రాజాం. ఇంజినీరింగు చదివి, ఉద్యోగం మానేసి, పట్నం జనానికి కొండలు చూపించే పని పెట్టుకున్నాడు. లక్ష్మివారం లక్ష్మివారం ఆరేడుగురిని ఆమదాలవలసలో గుణుపూరు పాసింజరు ఎక్కిస్తాడు. కిటికీ పక్క సీట్ల కోసం వాళ్లు చిన్నపిల్లల్లా కొట్టుకుంటారు. టెక్కలి దాటి కొండలు దగ్గరపడేసరికి ఒక్కరూ కూర్చోరు, ఫోనులు బయటపెట్టి ఫొటోలే ఫొటోలు. పాతపట్నంలో దిగి, ఆటోలో కొండ మొదలుకి చేరి, అక్కణ్నుంచి నడిచి కొండ మీద సవరలుండే గూడకి ఎక్కుతారు. అక్కడ భోజనం చేసి, సాయంత్రం రైలుకి దిగిపోతారు. దీనికి ఎదురు డబ్బులిస్తారు బావా! నెత్తి మీద నెత్తళ్ల చేపల గంపతో పెళ్లైన దగ్గర్నుంచీ నేను, నలభై ఏళ్లుగా అత్త సంతకి ఎక్కుతున్న కొండ అది. ఇన్నేళ్లలో మాకెవరూ ఒక ఫొటో తియ్యలేదు.

రైల్లో మమ్మల్ని చూసి ఆ యుగంధరే అడిగాడు. "అక్కా, మీకు దార్లన్నీ తెలుసు కదా. మాకు ముందు నడవండి సాలు, కూలిస్తాను."

ఆ రోజు అత్త నా చెవిలో అంది: "నడిసినందుకు కూలేటే? ఇందులో ఏటో ఉన్నాది. సూసుకో పిల్లా." తీరా నాలుగు వారాలు తిరిగేసరికి వాడు "మామ్మా, మామ్మా" అని అత్తని బుట్టలో వేసుకున్నాడు. అత్తకి పోయిన ఆ అనుమానం నాకు మాత్రం పోలేదు. నీ అనుమానం ఒక రకం, నాది ఇంకో రకం.

వాడు ప్రతి మలుపు దగ్గరా ఆగి ఫోను నొక్కుతాడు. ఏమిటది అంటే "సుక్క ఎడతన్నానక్కా, దారికి గుర్తు" అంటాడు. గూడ వాళ్లు తాగే ఊట దగ్గర అరగంట నిలబడి, ఎండాకాలం ఎండుతుందా, ఎంత లోతు, ఈ భూమి ఎవరి పేరున ఉంది అని అడిగాడు. నడవడానికొచ్చిన వాడికి పట్టాలతో పనేమిటి? ఆ పై వారం వెళ్లేసరికి దారి పక్క రాళ్ల మీద ఎర్ర రంగు గుర్తులు కనిపించాయి.

ఎర్ర రంగు చూడగానే నాకు మన ఇసక గుర్తొచ్చింది. మన ఒడ్డున ఏం జరిగిందో మర్చిపోయావా? మొదట ఎవరో ఇద్దరు వచ్చి ఇసకలో ఎర్ర రంగు రాళ్లు పాతి, ఊరికే కొలతలన్నారు. పిల్లలు వాటి మీద కూర్చుని ఆడుకున్నారు. ఏడాదికల్లా కంచె వచ్చింది. పడవలు లాగే చోటు పోయింది. ఆ తరవాతే కదా నువ్వు పరాయి బోటు ఎక్కి, ఏడాదికి ఎనిమిది నెలలు గుజరాతు పాలయ్యావు. కొండమీద వాళ్లకీ అదే గతి పడుతుందనీ, ఆ ఎర్ర రంగుకి దారి చూపించిన మనిషిని నేనే అవుతాననీ నాకు తిండి సయించలేదు. గూడలో ఎర్రన్న తాత ఇంట్లో ఎన్నిసార్లు అంబలి తాగానో నీకేం తెలుసు.

ఇంతవరకు నువ్వు అడిగినదానికి జవాబు. నువ్వు అనుమానించిన తప్పు నా దగ్గర వెతికినా దొరకదు. నేను చేసిన తప్పు వేరే ఉంది. దాన్ని నువ్వు కలలో కూడా అనుమానించవు.

చేపల గంపలోళ్లకి కొండ మీద ఒక కట్టుబాటు ఉంది. ముందు వెళ్లిన మనిషికి దారిలో ఏనుగులో, ఎలుగో, విరిగిపడిన చెట్టో కనిపిస్తే, వెనక్కొచ్చి చీలిక దగ్గర పచ్చికొమ్మ విరిచి ఆ దారికి అడ్డంగా వేస్తుంది. వెనక వచ్చేవాళ్లు మారుమాట లేకుండా రెండో దారి పట్టాలి. నాకు ఇది నేర్పింది అత్తే. "కొమ్మ అడ్డమున్నాదంటే దేవుడు పిలిసినా ఆ దారి ఎల్లకే" అని ఒట్టు పెట్టించుకుంది. ఈ గుర్తు నేను యుగంధర్‌కి కూడా చెప్పాను.

ఆ లక్ష్మివారం వాడు ఊట దగ్గరకి కొత్త మనుషుల్ని తెస్తున్నానని ముందే చెప్పాడు. భూమి కొలిచేవాళ్లే అనుకున్నాను. అత్తకి మోకాళ్ల నొప్పి, ఇంట్లోనే ఉంటానంది. నేను మొదటి బస్సుకే వెళ్లిపోయి కొండ ఎక్కాను. పనసచెట్టు దగ్గర దారి చీలుతుంది. కుడిది గూడకి, ఎడమది కొండవాగు పారే రాళ్ల గెడ్డలోకి దిగి అక్కడితో ఆగిపోతుంది. కుడి దారిలో ఏనుగు లేదు, ఏమీ లేదు. అయినా కొమ్మ విరిచి కుడి దారికి అడ్డం వేశాను. గెడ్డలో పడి తిరిగి తిరిగి, విసుగొచ్చి రైలెక్కి పోతారనుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది.

అత్త ఇంట్లో ఆగలేదు బావా. ఎర్రన్న తాత మనవరాలి పెళ్లికి నెత్తళ్లు తెస్తానని మాటిచ్చిందట, అది నాకు చెప్పలేదు. గంప ఎత్తుకుని అదే పాసింజరులో వచ్చింది. యుగంధర్ జనం పాతపట్నంలో టిఫిన్లు తింటుంటే తను ముందు కొండ ఎక్కేసింది. పనసచెట్టు దగ్గర కొమ్మ చూసింది. నలభై ఏళ్లుగా తెలిసిన దారిని వదిలి, నేను వేసిన కొమ్మని నమ్మి, గంపతో గెడ్డలోకి దిగింది. నాచు రాయి మీద కాలు జారింది.

ఉత్తరం మొదట్లో క్షేమమే అనుకో అని రాసిన మాట వెనక ఉన్నది ఇదీ. నువ్వు ఫోను చేసినప్పుడల్లా అత్త నిద్రపోతోందనీ, గుడికెళ్లిందనీ చెప్పింది అందుకే. కుడికాలి ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆసుపత్రిలో కడ్డీ వేశారు. నీకు చెబితే బోటు వదిలి వచ్చేస్తావని అత్తే చెప్పొద్దంది. అందులో సగం నిజం. మిగతా సగం నా భయం.

అత్తని గెడ్డలోంచి వీపు మీద మోసుకుని ఆటో దాకా దింపింది యుగంధరే. తరవాత ఒకరోజు అడిగాను, నీ ఫోను గూడకి ఏ దారి చూపించింది అని.

"కుడిపక్కే సూపించినాదక్కా. కానీ కొమ్మ నువ్వేసినావు కదా. ఫోనుకేటి తెలుస్తాది, ఏనుగున్నాదో నేదో," అన్నాడు.

నేను నమ్మని మనిషి నా కొమ్మని నమ్మి ఆ దారిన రాబట్టి అత్త దక్కింది. ఆ మాట విని నేను పాతపట్నం స్టేషన్లో, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆ ఎర్ర గుర్తులు దారి తప్పకుండా వేసిన బాణాలేనట, ఆ కొత్త మనుషులూ కొండ చూడ్డానికొచ్చినవాళ్లేనట. అయినా పూర్తిగా నమ్మానని అబద్ధం రాయను. ప్రతి వారం ఆ రాళ్లు లెక్కపెడుతూనే ఉన్నాను, ఒక్కటి ఎక్కువైనా గూడ అంతా లేపుతాను. కానీ తప్పుడు కొమ్మ మాత్రం ఇంక వెయ్యను.

ఏమీ లేని కుడి దారికి కొమ్మ అడ్డం ఎలా పడిందని గంపలోళ్లందరూ అడిగారు. అత్త మంచం మీంచి ఒక్కటే మాట చెప్పింది: "గాలికి ఎగిరి అటు పడిపోనాది. పిల్ల ఏటి సేస్తాది?" ఆ రోజు ఆకు కదల్లేదు. చెమటకి జాకెట్టు పిండుకున్నాం. ఆరు వారాలుగా పక్కపక్కనే పడుకుంటున్నాం, ఆవిడ అడగదు, నేను చెప్పలేను. తెలుసా తెలియదా అని ఆవిడ ముఖంలోకి దొంగచూపులు చూడడమే నా పనైపోయింది.

ఈ పొద్దున కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. నేను గంప సర్దుతుంటే చూసి అడిగింది.

"లచ్చింవారం ఎల్తన్నావేటే?"

"ఎల్తన్నానత్తా."

"కాలు కుదిరినాక నానూ వస్తాను. నువ్వే ముందెల్లు. కొమ్మేసినప్పుడు దాని మీద ఒక రాయి ఎట్టు." నా వైపు చూడకుండా అంది: "మళ్లీ గాలొస్తాదేమో."

నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. తల మీద చెయ్యి వేసింది. ఆవిడకి మొదటి రోజునుంచీ తెలుసు బావా. తెలిసే నా వెనకాల నడుస్తానంటోంది.

నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు, కానీ ఫోనులో వద్దు, అత్త వింటే నిన్ను తిడుతుంది. కాగితం మీద తిట్టి గంగులుకి ఇవ్వు. కవరు మీద గీత మాత్రం మర్చిపోకు.

ఇట్లు,
నీ మేనమామ కూతురు,
గౌరి