నాలుగో అధ్యాయం ప్రశ్న

నరసరావుపేట

చిరంజీవి శ్రీలేఖకు నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ నానమ్మా బాగానే ఉన్నాం. బాగుండటమంటే, వేళకు తింటున్నాం, కొట్టు తెరుస్తున్నాను. సాయంత్రం కాలేజీ బస్సు హారన్ వినపడగానే నానమ్మ ఇప్పటికీ అమ్మకోసం టీ పెట్టేస్తోంది. అది నేను తాగేస్తున్నాను. నువ్వు విశాఖలో వేళకు తింటున్నావని రాశావు. నమ్మమంటే నమ్ముతాను.

ఫోనెత్తితే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నామని నువ్వు ఉత్తరం రాయడం మంచిపనే అయింది. అడిగినవాటికి జవాబు రాస్తున్నాను. అమ్మ పండుమిరప రంగు చీర బీరువాలోనే ఉంది. కాలేజీ డేకి అది కట్టుకుని వస్తానన్నావు, అమ్మ తరఫున మెమెంటో తీసుకున్నాక స్టేజీ మీద ఏం మాట్లాడాలన్నావు. ఆ సంగతి కింద రాస్తాను.

అమ్మ పాఠాలు చెప్పిన కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఈ ఏడాది మా అధ్యాపకుల విజయాలట. కెమిస్ట్రీ ఆయన వ్యాసం ఏదో విదేశీ పత్రికలో పడింది. లెక్కల మేడం పుస్తకం వేసింది. ఇంగ్లీషు రఫీక్ గారి కవితలకు పురస్కారం వచ్చింది. అందరికంటే పైన మీ అమ్మ ఫొటో, పక్కన డాక్టర్ అనసూయ అని. బతికుండగా ఆస్పత్రికి సెలవు ఇవ్వడానికి సణిగినవాళ్ళు ఫొటో మాత్రం నిలువెత్తు వేయించారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. కొట్టుకు వేరే దారిన పోతున్నాను.

పెద్దకర్మ కార్డు మీద డాక్టర్ అని ఎందుకు వేయించలేదని కోపంగా అడిగావు. మరిచిపోయి కాదమ్మా. అమ్మ డాక్టర్ కాలేదు.

కూర్చుని చదువు. మిరపకోతల్లో ఆడవాళ్ళు పాడే పాటల మీద అమ్మ రాసిన థీసిస్ యూనివర్సిటీలో ఇచ్చిన మాట నిజం. ఆ పాటలకోసం ఎన్ని ఆదివారాలు శావల్యాపురం, రాజుపాలెం చేలల్లో ఎండకు మాడిందో నీకు తెలుసు. కానీ పరీక్షకుడి రిపోర్టు రాకముందే గుంటూరులో డాక్టర్లు చేతులెత్తేశారు. రిపోర్టు వస్తేగానీ వైవా పెట్టరు. రిపోర్టు వచ్చిందా అని అమ్మ రోజూ అడిగేది. చూడలేక, వచ్చేసిందని అబద్ధం చెప్పి, నేనే రఫీక్ గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన స్నేహితుడొకాయన హైదరాబాదులో ల్యాప్‌టాప్ ముందు పరీక్షకుడిలా కూర్చున్నాడు. అమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని జవాబులు చెప్పింది. నువ్వు వీడియోలో చూసి మురిసిపోయిన వైవా అదే.

వైవా అయ్యాక అందరికీ భోజనం పెట్టడం ఆనవాయితీ కదా, పెట్టి తీరాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. పులిహోర, బూరెలు చేయించాను. తను ఒక్క మెతుకు మింగలేకపోయింది. శాలువా కప్పిన ఫొటో ఎవరో స్టాఫ్ గ్రూపులో పెట్టారు. ప్రిన్సిపాల్ నిజమనుకున్నాడు. మేం నోరు విప్పేలోపే అమ్మ పోయింది. తర్వాత విప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు రిపోర్టు వచ్చింది. థీసిస్ చాలా బాగుందని రాశారు. ఒకే ఒక ప్రశ్న వేశారు, నాలుగో అధ్యాయం మీద. కోత పాటలు చాలావాటికి ముగింపు ఉండదు, తట్ట నిండగానే పాటను మధ్యలో వదిలేస్తారు, ఎందుకు? దీనికి జవాబు రాసిస్తే, మనిషి పోయినా పట్టా ఇవ్వమని యూనివర్సిటీలో అడిగి చూస్తానని అమ్మ గైడు గారు అన్నారు.

థీసిస్ అంతా వెతికించాను, ఫోన్లో రికార్డింగులన్నీ విన్నాను. పాటలున్నాయి, జవాబు లేదు. రాజుపాలెం వెళ్ళి, ఆ పాటలు పాడిన కన్యకమ్మనే అడిగాను. "మేం ఆపుతామంతే అయ్యా, ఎందుకో మాకేం తెలుసు? మీ ఆవిడే ఏందో చెప్పింది. మాకు అర్థం కాలా," అంది.

అమ్మకు తెలుసు. నాకూ చెప్పింది, అందుకే ఈ ఉత్తరం రాయలేక రాస్తున్నాను. ఆ దొంగ వైవా రోజు భోజనాలైపోయాక నన్ను పిలిచి, "ఏందండీ, ఆయన నాలుగో అధ్యాయం జోలికే రాలా. నేనైతే ముందు అదే అడిగేదాన్ని," అంది. అడక్కుండానే జవాబు మొదలుపెట్టింది. ఆయాసపడుతూ, ఆగి ఆగి, చానాసేపు చెప్పింది. నేను వంటవాడితో ఫోన్లో గిన్నెల సంగతి మాట్లాడుతూ ఆఁ, ఆఁ అన్నాను. ఒక్క ముక్క గుర్తు లేదు శ్రీలేఖా. ఎంత గింజుకున్నా రావడం లేదు.

రేపు ప్రిన్సిపాల్‌కు అంతా చెప్పేస్తాను. ఆ మెమెంటో నువ్వు తీసుకోవద్దు. చీర కావాలంటే పంపిస్తాను.

అమ్మ నీతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడేది. ఆ పాటలు ఎందుకు ఆగిపోతాయో ఎప్పుడైనా చెప్పిందా? చెప్పి ఉంటే, నువ్వు నాలా కాకుండా విని ఉంటే, ఎంత గుర్తుంటే అంత రాసి పంపు.

ఇట్లు,
ఆ రోజు వినని మీ నాన్న,
చలమయ్య