తెలియకపోతే తెలియదని చెప్పు

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజు వ్యాసాలు: రోల్డు గోల్డు గాజులు నల్లబడకుండా ఏం చెయ్యాలి, వానాకాలం కీళ్ల నొప్పులు, పెడన కలంకారీ చేతి అచ్చో మిల్లు అచ్చో ఎలా పోల్చుకోవాలి. ఏదీ నేను రాయను. కంప్యూటర్‌లో ఏఐని రాయమని అడుగుతాను. గుడివాడ ఆఫీసు వాళ్లు జీతమిచ్చేది ఆ అడగడానికే. మా ఆయన ఏడిపించేవారు — "నేను బస్సులో చిల్లర కోసం జనాన్ని బతిమాలతా, నువ్వు ఇంట్లో కూర్చుని పెట్టెను బతిమాలతావు."

ఏడిపించే మనిషి పోయి ఈ ఇరవై మూడుకి ఏడాది.

ఆగస్టు 5, మంగళవారం

ఆఫీసులో కొత్తగా చేరిన లావణ్య ఫోన్. "అక్కా, మంచి వ్యాసం రాయమంటే చప్పగా రాస్తోంది." మంచి అంటే దానికేం తెలుసు? చెప్పాను — చదివేది ఎవరో చెప్పు. నీ దగ్గరున్న వివరాలన్నీ ముందు పెట్టు. వద్దన్నది వద్దను. అన్నిటికంటే ఆఖరి మాట మరిచిపోకు: 'తెలియకపోతే తెలియదని చెప్పు, కల్పించకు.' అది పెట్టకపోతే ఖాళీ కనపడ్డ చోటల్లా తియ్యటి అబద్ధం పోసి నింపుతుంది.

"ఇంత చెప్పాలా అక్కా?"

అడగందే అమ్మయినా పెట్టదు అన్నాను. అనేశాక నోరు చేదైంది. ఆయన ఉన్నప్పుడు ఇంట్లో ఆ సామెత ఎత్తేదాన్ని కాదు.

ఆగస్టు 7, గురువారం

నాగాయలంక నుంచి దాసు ఫోన్. ఏడాది కూడిక ఇక్కడ బందరులోనే. పొద్దున సమాధుల తోటలో ప్రార్థన, తర్వాత చర్చి హాల్లో కూడిక, భోజనాలు. "జీవిత చరిత్ర నువ్వే చదవాలొదినా. అన్నయ్య గురించి నీకన్నా ఎవరికి తెలుసు. రాయడం ఎంతసేపు, నీ కంప్యూటర్ రాసిపెట్టుద్ది గదా."

మరిది మంచివాడే. తనకి చేతకాని పనంతా సులువైనదే అనుకుంటాడు.

మన కూడికల్లో జీవిత చరిత్రలన్నీ ఒకే అచ్చు. పుట్టారు, చదివారు, ప్రభువును ఎరిగారు, పెళ్లి, పిల్లలు, పైనుంచి పిలుపు. పేరు మారిస్తే పక్క సమాధికీ సరిపోతుంది. కిందటేడు పాస్టరు గారు చదివింది అలాంటిదే అయ్యుంటుంది. నాకు ఒక్క ముక్క వినపడలేదు ఆ రోజు. ఈసారి ఆయన గురించే ఉండాలి. ఆయన గురించి మాత్రమే.

ఆగస్టు 9, శనివారం

చేత్తో రాద్దామని కూర్చున్నా. 'ఆయన' అని రాశా. మా అమ్మాయి జెస్సీ కాలేజీ నుంచి వచ్చేదాకా అదొక్క మాటే.

ఆగస్టు 10, ఆదివారం

ఆదివారాలు ఆయనకి పడేవి కావు. తోటి కండక్టర్లంతా సెలవు కావాలంటే ఈయన అడిగి మరీ అవనిగడ్డ బస్సు డ్యూటీ వేయించుకునేవారు. పెళ్లయిన కొత్తలో, నా మొహం చూస్తూ ఇంట్లో కూర్చోవడం ఇష్టం లేదేమో అనుకుని ఏడ్చాను కూడా. జెస్సీ పుట్టాక ఒక రోజు చెప్పారు.

ఒకటో క్లాసుకే బందరు హాస్టల్లో వేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక తల్లులు, తండ్రులు చూడ్డానికి వచ్చే వేళ. పిల్లలంతా గేటు దగ్గర. ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచేవారట, పిలిచినవాడు పరుగు. ఈయన గేటు ఊచ పట్టుకుని సాయంత్రం గంట కొట్టేదాకా నిలబడేవారట. అత్తమ్మ రాలేదు. ఏ ఆదివారమూ రాలేదు. సెలవులకి ఎవరో ఊరివాళ్లు వచ్చి తీసుకెళ్లేవాళ్లు.

ఎందుకు రాలేదని మీ అమ్మని అడగలేదా అన్నా.

"అడిగితే ఏం చెప్పుద్దో అని భయమేసింది."

అంతే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అత్తమ్మని ఒక్క మాట అనగా వినలేదు నేను. నాగాయలంక బస్సు ఎక్కినప్పుడల్లా ఆమె మందులు, ఆమె తినే మెత్తటి బన్నులు పట్టుకెళ్లేవారు. కానీ హాస్టల్ అన్న మాట మా ఇంట్లో రాకూడదు. అందుకే జెస్సీ ఇప్పటికీ పొద్దున్నే రైలెక్కి గుడివాడ కాలేజీకి వెళ్లొస్తుంది.

ఆగస్టు 11, సోమవారం

ఆఫీసు పని అయ్యాక, అదే ఊపులో, అడిగేశా. పైన ఆయన పేరు, నాకు తెలిసిన సంవత్సరాలు పెట్టి, కింద నేను టైపు చేసింది ఇది:

'మా ఆయన జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి జీవిత చరిత్ర రాయి. పుట్టింది దివిసీమలో పల్లె. తల్లిదండ్రులు పొలం కూలీలు. చిన్నతనమంతా బందరు హాస్టల్. ఆదివారాలు గేటు దగ్గర అమ్మ కోసం ఎదురుచూసేవారు. బస్సు కండక్టరు. భార్య, ఒక కూతురు. గుండెపోటు. వినేవాళ్లు బంధువులు, సంఘస్థులు. మనసుకు హత్తుకునేలా ఉండాలి.'

'ఎదురుచూసేవారు' తర్వాత ఇంకొక్క వాక్యం ఉంది. రెండే మాటలు. వేళ్లు రాలేదు. తర్వాత చేర్చుకుందాంలే అనుకున్నా.

వచ్చింది చదవలేదు. మొదటి వరసలో ఆయన పేరు, పక్కన 'కీర్తిశేషులు'. మూసేశా. ఏ సంవత్సరం ఏం జరిగిందో సరిచూడమని అలాగే దాసుకి పంపించేశా.

ఆగస్టు 12, మంగళవారం

చదివాను.

'ప్రతి ఆదివారం తల్లి ఎంతో దూరం ప్రయాణించి, కుమారుడికి ఇష్టమైన వంటకం స్వయంగా వండి తెచ్చేది. గేటు దగ్గర ఆమెను చూడగానే ఆ చిన్నారి ముఖం వెలిగిపోయేది.'

'కల్పించకు' అన్న ఆఖరి మాట పెట్టలేదు నేను. లావణ్యకి పాఠం చెప్పిన నోరు... ఖాళీ వదిలాను, నింపేసింది. దాని తప్పేం లేదు. మనసుకు హత్తుకునేలా అని అడిగింది నేనేగా. ఎదురుచూసిన పిల్లాడికి అమ్మ రాకపోవడం ఎక్కడైనా ఉంటుందా, దాని లెక్కలో?

వెంటనే దాసుకి ఫోన్. అప్పటికే అత్తమ్మకి చదివి వినిపించాడు.

"మళ్లీ మళ్లీ చదివించుకుంది వదినా. ఆదివారం ముక్క దగ్గర ఆపమంటది. ఒకటే ఏడుపు. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలా."

ఫోన్ పెట్టేశా.

ఆగస్టు 13, బుధవారం

దాసుకి మళ్లీ ఫోన్ చేశా. అది తప్పు దాసూ, తీసేస్తున్నా అన్నాను.

వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు, నాట్లు పడుతున్నట్టున్నాయి.

"నాకూ తెలుసొదినా. ఆదివారం మా అమ్మ ఎప్పుడూ ఇంటికాడే. ఉండనీ. ఎవరికి నష్టం?"

ఎవరికి నష్టమా.

ఆ హాల్లో అందరూ తలలూపుతారు. కూడిక అయ్యాక అత్తమ్మ చెయ్యి పట్టుకుని 'ఎంత కష్టపడ్డావే తల్లీ' అంటారు. ఊచ పట్టుకుని నిలబడ్డ పిల్లాడు ఇక ఎక్కడా ఉండడు. ఆ పిల్లాణ్ణి ఆయన ఒక్క నాకే చూపించారు. నా నోటితో నేనే వాణ్ణి ఆ గేటు దగ్గర్నుంచి తరిమెయ్యాలా?

కోపంగా ఉంది. అత్తమ్మ మీద, దాసు మీద, పెట్టె మీద. అందరికంటే ఎక్కువ ఆయన మీద. ఇంత సంగతి నా ఒళ్లో పెట్టి చక్కా వెళ్లిపోయారు.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. పొద్దున్నే కూర్చుని పద్ధతిగా అడిగా. నా పని నాకు వచ్చు, ఈసారి వచ్చినట్టే చేశా. తెలిసినవన్నీ పెట్టా — ఊచ, గంట, ఆదివారం డ్యూటీలు, టికెట్లు చింపి చింపి కాయ కాసిన బొటనవేలు, వాన పడితే బస్సు ఆపించి ముసలమ్మల్ని గడపలో దింపడం. పొగడొద్దు అన్నా. కల్పించకు అన్నా. 'అమ్మ రాలేదు' అని టైపు చేశా. ఆ రెండు మాటలకి చాలాసేపు పట్టింది.

బాగా రాసింది. ఇంత బాగా రాస్తుందనుకోలేదు. ఒక్క అబద్ధం లేదు. ఏడుస్తూనే ఒక అచ్చుతప్పు దిద్దాను.

జెస్సీ చదివింది. "నాన్న నాకెప్పుడూ చెప్పలేదు ఇది."

నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు అన్నా.

"మరి నాయనమ్మ ముందు వరసలో కూర్చుంటుంది కదమ్మా. చదువుతావా?"

వెళ్లి నీ బట్టలు తీసుకురా, వాన వచ్చేట్టుంది అని కసిరాను. వాన లేదు, మబ్బూ లేదు. వెళ్లింది పాపం.

ఆగస్టు 16, శనివారం

ఆఫీసు నుంచి వచ్చిన అంశాల్లో ఒకటి — 'ఆత్మీయుల్ని కోల్పోయినప్పుడు కోలుకోవడం ఎలా'. మా బాసు గారికి గుర్తులేదో, గుర్తుండే ఇచ్చారో. అడిగా. చక్కటి వ్యాసం వచ్చింది. రోజూ నడవాలిట, నీళ్లు బాగా తాగాలిట. పంపించేసి నీళ్లు తాగా.

ఆగస్టు 17, ఆదివారం

చర్చికి వెళ్లా. అక్కణ్ణుంచి కావాలనే హాస్టల్ వీధిలో నడిచా. గేటు మార్చేశారు. ఇప్పుడు రేకు గేటు. పట్టుకోవడానికి ఊచలు లేవు.

ఆగస్టు 20, బుధవారం

సమాధికి సున్నం వేయించా. వేసేవాడు శిలువకి నీలం కలపమంటావా అక్కా అన్నాడు. ఆయన డ్యూటీ చొక్కా గుర్తొచ్చి వద్దన్నా. అది ఖాకీ. నీలానికీ దానికీ ఏం సంబంధం... అయినా వద్దన్నా.

ఆగస్టు 21, గురువారం

అత్తమ్మ వచ్చింది. దాసు బస్సెక్కించాడు, నేను బస్టాండుకి వెళ్లా. మనిషి చిక్కింది. సంచిలో ఎండు రొయ్యలు, పెరటి గోంగూర కట్టలు. దిగుతూనే డ్రైవరుకి చెబుతోంది — "మా పెద్దోడు ఈ బస్సు మీదే చేసేవోడు."

ఈ రాత్రికి చెప్పేయాలి అనుకున్నా. తొందరగా పడుకుంది.

ఆగస్టు 22, శుక్రవారం

పొద్దున, జెస్సీ వెళ్లాక. వంటింటి గడపలో కూర్చుని గోంగూర దూస్తోంది. తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"అమ్మాయ్. ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు."

అడగండి అత్తమ్మా అన్నా.

"నేను ఎల్లలేదు. ఆ హాస్టలుకి. ఒక్క వారం కూడా ఎల్లలేదు."

నేను ఉల్లిపాయ కోస్తున్నా. కత్తి పక్కన పెట్టా.

"వస్తే పిల్లోడు ఏడ్చి ఎంటబడతాడు, కొన్నాళ్లు రాబాకండి అన్నారు హాస్టలోళ్లు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో చెప్పలా. నేనూ అడగలా. ఆనక... వాడు నన్ను చూసి ఏడవకపోతే ఎట్టా అని భయమేసింది. అట్టా వారం, వారం. ఎల్లనే లేదు."

అక్కడా భయమే. తల్లికీ కొడుక్కీ ఒకటే భయం, ఇద్దరూ అడగలేదు.

"ఎల్లలేదని నాకు తెలుసు. వాడికీ తెలుసు. మరి వచ్చేదాన్నని నీతో ఎందుకు చెప్పాడంటావు?" ఇప్పుడు తలెత్తింది. కళ్లు... ఏడాది నుంచి ఆ కళ్లలో అలాంటి వెలుగు చూడలేదు. "పెళ్లాం దగ్గర అమ్మని తక్కువ చెయ్యకూడదనే గదా. వాడు నన్ను క్షమించాడమ్మాయ్. చెప్పకుండా పోయాడే అనుకున్నా. నీతో చెప్పి పోయాడు."

ఆయన చెప్పలేదు అత్తమ్మా. పెట్టె రాసింది. మొత్తం వాక్యం నాలిక మీదే ఉంది.

"అత్తమ్మా" అన్నాను.

"ఏం తెచ్చేదాన్నన్నాడు? ఇష్టమైన వంటకం అని రాశావు, పేరు రాయలా. ఆ వయసులో వాడికేం ఇష్టమో నాకు తెలవదు. ఇంటికాడ పెరగలేదు గదా. నీతో చెప్పే ఉంటాడు."

తెలియకపోతే తెలియదని చెప్పాలి. అంతేగా. రోజూ ఎంతమందికి చెబుతాను.

"గోంగూర ఎండు రొయ్యలు" అన్నాను.

పెళ్లయ్యాక నేను వండితే ఆయన గిన్నె నాకి తిన్నది అదే. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. అత్తమ్మ ఒళ్లో ఉన్న ఆకుని చూసుకుంది. చాలాసేపు అలాగే చూసుకుంది. "తెలీకుండానే తెచ్చా చూడు" అంది.

బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చా.

ఆగస్టు 23, శనివారం

పాస్టరు గారు ఎండెక్కకుండా సమాధుల తోటకి రమ్మన్నారు. చేమంతులు, కొవ్వొత్తులు సర్దా. బ్యాగులో రెండు కాయితాలూ ఉన్నాయి. అమ్మ వచ్చినది ఒకటి. అమ్మ రానిది ఒకటి. ఒకటి ఇంట్లో పెట్టి వెళ్లాలని మూడుసార్లు జిప్పు తీశా.

చదివేటప్పుడు ఆయన వింటారా? వింటే, ఏది చదివితే ఊరుకుంటారు... మీరే చెప్పండి. ఇన్నాళ్లూ అందరి తరఫునా పెట్టెని అడిగాను, ఇది ఎవరిని అడగను?

వంటింట్లోంచి రొయ్యలు వేగుతున్న వాసన. మనవాళ్లు సమాధి దగ్గర అన్నం పెట్టరు. పాస్టరు గారు చూస్తే అందరి ముందూ అంటారు. అత్తమ్మకి తెలియదా, పుట్టినప్పట్నుంచీ చర్చికి వెళ్లే మనిషి. అయినా పెందలాడే లేచి, తెల్లచీర కట్టుకుని, ఆయన డ్యూటీకి పట్టుకెళ్లే టిఫిన్ బాక్సు అటక మీద నుంచి దింపించి తోమింది. అడుగున అన్నం, పైన గోంగూర. అదుముతోంది గరిటెతో.

మొదటి బస్సుకే వచ్చిన దాసు ఆటో తెచ్చాడు. జెస్సీ బ్యాగు వైపు చూస్తోంది, నా వైపు చూస్తోంది. అత్తమ్మ పిలుస్తోంది —

"అమ్మాయ్, దీని మూత ఏది? చల్లారిపోద్ది."