పిండి ఫ్యాక్టరీ ప్లాన్‌లో ఉత్తరం

జూన్ 3, మంగళవారం
మా ఊరి శివారు క్రెయిగీబర్న్‌లో ఇంకో ఖాళీ ప్లాటు పోయింది. మళ్లీ షెడ్డే. ఇన్నేళ్లూ ఆఫీసులో లారీలొచ్చి ఆగే గోడౌన్ల ప్లాన్లే గీశాను — ఇది మాత్రం ఇడ్లీ పిండి ఫ్యాక్టరీ. ఇంటి గ్యారేజీలో పిండి రుబ్బి మన తెలుగువాళ్లకి అమ్మే సుబ్బలక్ష్మి ఆంటీది. మొదటిసారి ప్రాజెక్టు మొత్తం నా చేతికిచ్చాడు బాస్. పొద్దుట్నుంచీ హాయిగా ఉంది.

జూన్ 5, గురువారం
ఆంటీ గ్యారేజీ చూసొచ్చాను. గ్రైండర్లు, నెత్తిమీద ట్యూబులైటు. కిటికీ లేదు. "ఎన్నేళ్లుగానో ఇందులోనే అమ్మా... పగలో రాత్రో తెలీదు." వచ్చేటప్పుడు డబ్బాడు పిండి చేతిలో పెట్టందే వదల్లేదు.

జూన్ 8, ఆదివారం
దోసెలు. బయట చలి, వాన — ఇక్కడ జూన్ అంటే చలికాలమే. సిగ్గులేకుండా తిన్నాను.

జూన్ 10, మంగళవారం
ఆంటీవాళ్లాయన, రావు అంకుల్, నా ప్లాన్‌ని వాస్తు చూడమని తెనాలి సిద్ధాంతిగారికి వాట్సాప్ చేశారట. ఆయన అన్నీ మార్చేశారు — వేడినీళ్ల బాయిలర్ ఆగ్నేయానికి, ట్యాంకు ఈశాన్యానికి, గ్రైండర్లు ఉత్తరం గోడకి, అక్కడే పెద్ద కిటికీ. సణుక్కుంటూనే గీశాను. నిజం చెప్పాలంటే ముందుకంటే బాగుంది. అంకుల్ మహా ఖుషీ. శుక్రవారం పర్మిషన్ కోసం కౌన్సిల్‌కి పంపాలి.

జూన్ 11, బుధవారం
కొంప మునిగింది. ప్లాటు పొడుగ్గా ఉందని షీట్‌మీద అడ్డంగా గీశాను. ఉత్తరం బాణం ఎడమవైపుకి ఉంది, మూలన, చిన్నగా. సిద్ధాంతిగారు కాగితం పైభాగమే ఉత్తరం అనుకున్నారు! ఆయన ఉత్తరం గోడ అసలు తూర్పు గోడ. బాయిలర్ పోయి నైరుతిలో కూర్చుంది.
ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. చెప్తే అంకుల్ అంతా తిప్పమంటారు, శుక్రవారం దాటితే బిల్డరు ఇంకో పనికి పోతాడు, ఆంటీకి ఈ చలికాలమూ గ్యారేజీయే. చెప్పకపోతే... ఛ, నన్ను నమ్మారు వాళ్లు.

జూన్ 12, గురువారం
ఆంటీకి చెప్పేశాను. షీట్ తిప్పి చూపించాను. ఆంటీ షీట్‌మీదికి వంగారు.
"అయితే ఈ కిటికీ తూర్పుకా?"
"అవునాంటీ."
"పొద్దున్నే నా గ్రైండర్ల దగ్గర ఎండ పడుతుందా?"
"పడుతుంది."
ఆ గోడ గీతమీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. "ఉండనీ. దేన్నీ కదపకు. మీ అంకుల్‌కి నేను చెప్తాలే, మెల్లిగా."
ప్రాణం తేలికపడింది. ఇంటికొచ్చి మళ్లీ దోసెలు.

జూన్ 13, శుక్రవారం
ఆఫీసు. అన్నీ సిద్ధం. పంపడమే తరువాయి. ఫోన్ — రావు అంకుల్. ఎత్తలేదు. వెంటనే మెసేజ్. నా షీట్ ఫొటో, మూలన ఎర్రగా సున్నా చుట్టి...
"ఈ బాణం ఏంటమ్మా?"
ఆంటీ ఇంకా చెప్పలేదన్నమాట. మళ్లీ మోగుతోంది.