జబ్బు లేదట, మందు మాత్రం ఉందట

మార్చి 4, కంపాలా నుంచి వస్తూ బస్సులో

స్కాన్‌లో ఏమీ లేదు. ఆపరేషన్ అయింది, కీమో అయింది, అండాశయంలో పుట్టిన క్యాన్సర్ ఇప్పుడు ఎక్కడా కనబడటం లేదు. డాక్టర్ నాల్వోగా అంతటితో ఆపి ఉంటే దండం పెట్టి లేచేదాన్ని. ఆపలేదు. ఇక రోజూ పొద్దునా సాయంత్రం మాత్రలట. రెండేళ్ళట. జబ్బు లేనప్పుడు మందెందుకని అడిగాను. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అంది. మళ్ళీ తలెత్తకుండా చూడటానికట. మెయింటెనెన్స్ అంటారట. మీరు డ్రైవింగ్ నేర్పుతారు కదా, బండికి సర్వీసింగ్ లాంటిదనుకోండి అని నవ్వింది. నన్ను బండితో పోల్చకుండా మాట్లాడేవాళ్ళు ఈ దేశంలో ఒక్కరైనా దొరకరా?

ఇంకోటి కూడా చెప్పింది. నాకు పుట్టుకతోనే ఒక జీన్‌లో లోపం ఉందట. అందుకే ఈ మాత్రలు నాకు బాగా పనిచేస్తాయట. తోబుట్టువులూ టెస్ట్ చేయించుకోవాలట. అడ్యేరి అక్కకి ఈ మాట చెప్పడం కన్నా కీమో నయం.

మార్చి 5

అక్కకి ఫోన్‌లో "స్కాన్ బాగుంది" వరకే వినబడింది. నేను మా ఊరు ఫోర్ట్ పోర్టల్‌లో బస్సు దిగేసరికే చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన ఖాయం చేసి, మేకని కూడా మాట్లాడేసింది.

మార్చి 11

వికారం. నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టుంది. నాకెంతో ఇష్టమైన రాగిపిండి కారో ముద్ద వాసన కూడా పడటం లేదు. నేర్చుకోడానికొచ్చిన పెద్దమనిషి క్లచ్ వదలగానే బండి గెంతింది, దాంతో నా కడుపూ గెంతింది. ఆపండి అని అరిచాను. ఇంకా సెకండ్ గేరే వెయ్యలేదు కదా మేడమ్ అంటాడు.

మార్చి 22, ఆదివారం

అక్క మైక్ పట్టుకుంది. "మా అబ్వోలీకి రోగం పోయింది! మందులూ పోయాయి! దేవుడికి స్తోత్రం!" అందరూ చప్పట్లు. నా హ్యాండ్‌బ్యాగులో మాత్రల డబ్బా.

భోజనాలప్పుడు టెంటు వెనక్కి పరుగెత్తి కక్కాను. ఇద్దరాడవాళ్ళు చూశారు. సాయంత్రానికల్లా నేను నెల తప్పానని ఊరంతా పాకింది. యాభై నాలుగేళ్ళకి. గర్భసంచి తీసేశాక. మొగుడు పోయి ఇన్నేళ్ళయ్యాక. తండ్రెవరో కూడా వాళ్ళే చెప్పేస్తే ఒక పనైపోయేది.

ఏప్రిల్ 9

అక్క వచ్చి మాత్రల డబ్బా చూసింది. "దేవుడు నయం చేశాక ఇవి మింగడమంటే ఆయన్ని అనుమానించడం కాదుటే?" అంది.

"కళ్ళజోడు పెట్టుకుని బైబిల్ చదువుతావే, అదేంటి మరి?" అన్నాను.

ఆ ఊపులోనే జీన్ సంగతి కూడా చెప్పేశాను. అక్క మొహం మాడిపోయింది. "మన రక్తంలో ఏ లోపమూ లేదు. అమ్మని కబోనేసా చంపింది."

కబోనేసా నాన్న రెండో భార్య. అమ్మ కడుపు ఉబ్బి చనిపోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, అక్కకి పదిహేను. అమ్మ మంచాన పడ్డ నెలల్లో జావ కాచి తాగించింది కబోనేసాయే. అందులో విషం కలిపిందని చావింట్లో అందరి ముందూ అరిచింది అక్క. పెద్దలు నమ్మారు. ఆమెని శవం దగ్గరికి కూడా రానివ్వకుండా గెంటేశారు. క్యెంజోజోలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ పేరెత్తితే తిట్టే తప్ప మాట లేదు.

"కిందటేడు నా కడుపూ అచ్చం అలాగే ఉబ్బిందక్కా. నాకెవరు పెట్టారు జావ?" అన్నాను.

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

మే 14

మాత్రల వల్ల రక్తం బాగా తగ్గిపోయిందట. కారు డోర్ తీస్తేనే ఆయాసం. రక్తం ఎక్కించారు. కోలుకునేదాకా మాత్రలు ఆపమంది డాక్టర్. ఆ తర్వాత తక్కువ డోసులో మళ్ళీ మొదలుపెడుతుందట. ఇన్నాళ్ళూ మాట్లాడని అక్క దీనికి మాత్రం ఫోన్ చేసింది. "చూశావా, డాక్టరే ఆపింది!" అని.

ఫోన్ పెట్టేశాను. విసిరికొట్టాలనిపించింది, కొత్త ఫోనని ఊరుకున్నాను.

మే 20

ఈ దిక్కుమాలిన మాత్రల్ని ఎంత తిట్టానో. ఇప్పుడు అవి లేకపోతే తలుపు తీసి పెట్టి పడుకున్నట్టుంది. స్నానం చేస్తూ పొట్ట నొక్కి చూసుకుంటున్నాను. ఏదీ తగలదు. మళ్ళీ నొక్కుతాను. నా మీద నాకే విసుగు.

జూన్ 12

మాత్రలు మొదలు. వికారం మొదలు. సంతోషంగా ఉంది. ఏం ఖర్మ!

జూన్ 25, ఉదయం

గేటు దగ్గర అక్క. రమ్మన్నా లోపలికి రాదు. నాకెవరు పెట్టారు జావ అన్నావు, ఆ మాట నన్ను తినేస్తోందే అంది. టెస్ట్ చేయించుకుంటానంది. ఇన్నాళ్ళు ఎందుకు మొండికేశావని అడిగితే, "ఆ లోపం నాకూ ఉందని తేలితే, ఆవిణ్ణి నేనేం చేసినట్టే అబ్వోలీ?" అంది.

టీ తాగి వెళ్ళమన్నాను. తాగలేదు. వెళ్ళిపోయింది.

ఆగస్టు 3

అక్కకీ అదే లోపం. అదృష్టం, జబ్బు లేదు. ముందుజాగ్రత్తగా అండాశయాలు తీసేస్తామన్నారు. దానికి అక్క ఊఁ అంది, అంతే. డాక్టర్ని ఒక్కటే అడిగింది, మా అమ్మది కూడా ఇదేనా అని. చూడని మనిషి గురించి ఖాయంగా చెప్పలేనమ్మా, కానీ మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనివే అంది డాక్టర్.

తిరుగు ప్రయాణంలో అక్కకి అరటిపళ్ళు కొనిస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. క్యెంజోజో రాగానే లేచి నిలబడి, బస్సాపు నాయనా అని కేక పెట్టింది. నా కాళ్ళు వాచి ఉన్నాయి, తిండి లేదు, మాత్ర వేళ దగ్గర పడింది. ఈ మనిషికి ఏ పనైనా ముందు చెప్పి చేసే అలవాటు ఎన్నడైనా ఉందా? బ్యాగులు దింపుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్క అప్పటికే ఎవర్నో ఆపి కబోనేసా ఇల్లెక్కడని అడుగుతోంది.

ఆగస్టు 4

నిన్న ఆవిడ మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. జుట్టంతా తెల్లబడింది. కూర్చోమంది. అక్క "చిన్నమ్మా" అని మొదలుపెట్టి, ఆ ముక్క దాటలేకపోయింది.

మాత్ర వేసుకోవాలి, కాసిని నీళ్ళు కావాలన్నాను. తెచ్చింది. నా చేతికివ్వబోయి ఆగి, మాకు కనబడేలా ముందు తానొక గుక్క తాగింది.

అక్క ఆ గ్లాసు ఆవిడ చేతిలోంచి లాక్కుని గటగటా తాగేసింది. చుక్క మిగల్చలేదు. మాత్ర నా అరచేతిలోనే ఉండిపోయింది.

కబోనేసా లోపలికెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చింది. ఈసారి రుచి చూడలేదు.